ఆ మాట అన్నాడో లేదో

మదనపల్లె టమోటా మార్కెట్లో చరణ్ పాట పాడేవాడు. అక్కడ పాట అంటే వేలం. మండీ ముందు క్రేట్ల వరుసల మధ్య నిలబడి, చుట్టూ మూగిన వ్యాపారుల్లో ఎవరి కనుబొమ్మ కదిలిందో, ఎవరి వేలు లేచిందో చూసుకుంటూ ధర పెంచుకుంటూ పోవాలి. డిగ్రీ మధ్యలో ఆగిపోయినా ఈ పని అతనికి బాగా పట్టుబడింది. ఇంటికొచ్చాక మాత్రం మెల్లగా మాట్లాడేవాడు. “గొంతంతా ఆడనే అమ్ముకొని వస్తాను, నీకేం మిగల్దు,” అని భార్య సుప్రియతో నవ్వేవాడు.

ఇల్లు పుంగనూరులో. ఇంట్లో ముగ్గురే ఉండేవాళ్లు. సుప్రియ ఊళ్లోని పాలకేంద్రంలో కంప్యూటర్ దగ్గర పనిచేసేది. చరణ్ తల్లి గౌరమ్మ ఊరి బయట ఉన్న మల్బరీ తోటనూ, పట్టుపురుగుల షెడ్డునూ చూసుకునేది. తండ్రి నారాయణప్ప పక్షవాతంతో ఏళ్ల తరబడి మంచాన ఉండి, చరణ్ పెళ్లికి ముందే పోయాడు.

టమోటాకు మంచి ధర పలుకుతున్న జూన్ నెలలో ఒక మధ్యాహ్నం, పాట ముగించుకుని మోటారు సైకిల్ మీద ఇంటికి వస్తున్న చరణ్‌ను మలుపులో ఒక ట్రాక్టరు ట్రాలీ కొట్టింది. హెల్మెట్ ఉంది కానీ అది ట్యాంకు మీద ఉంది. మదనపల్లె ఆసుపత్రిలో చూసి, ఇక్కడ కాదని కుప్పం వైపు పెద్దాసుపత్రికి పంపించారు. సుప్రియ అక్కడికి చేరేసరికి తలకు ఆపరేషన్ అవుతోంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. చరణ్ మాత్రం లేవలేదు.

ఐసీయూ బయట కుర్చీల్లో అత్తాకోడళ్లు రోజులు గడిపారు. లోపలికి వెళ్లినప్పుడల్లా సుప్రియ అతని అరచేతిలో వేలు పెట్టి, పట్టుకో, పట్టుకో అనేది. అప్పుడప్పుడు ఆ చెయ్యి బిగుసుకునేది. ఆమె పరుగున వచ్చి నర్సును పిలిచేది. అది నరాల బిగుతేగాని తెలిసి పట్టుకోవడం కాదని నర్సు ఓపిగ్గా చెప్పేది. గౌరమ్మ లోపలికి వెళ్తే ఏమీ అనేది కాదు. కొడుకు కాళ్ల దగ్గర నిలబడి, దుప్పటి సర్ది, బయటికి వచ్చేది.

ఒకరోజు డాక్టర్ మురళీధర్ వాళ్లిద్దరినీ తన గదికి పిలిచాడు. కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. తొందరపడకుండా మాట్లాడతాడు.

“మెదడు లోపల చాలా చోట్ల దెబ్బ తగిలిందమ్మా. పైన గడ్డకట్టిన రక్తం తీశాం గానీ, లోపలి దెబ్బకు ఆపరేషన్ లేదు. ప్రాణం నిలవొచ్చు. మనిషి తిరిగి రావడం మాత్రం చాలా కష్టం. మిమ్మల్ని గుర్తుపట్టడం, మాట్లాడటం, తనంతట తాను తినడం, ఇవేవీ జరగవనే నేను అనుకుంటున్నాను.”

“అనుకుంటాండారా, తెలుసునా?” అని అడిగింది సుప్రియ.

“నూటికి నూరుపాళ్లు తెలుసునని ఏ డాక్టరూ చెప్పడు.”

ఆ జవాబులో ఆమెకు కావలసింది దొరికింది. తర్వాతి మాటలు సగమే విన్నది.

డాక్టర్ చెప్పింది ఇదీ. ఊపిరి మిషన్ కోసం నోట్లో పెట్టిన గొట్టం ఇంక ఎక్కువ రోజులు ఉంచకూడదు. కొనసాగించాలంటే గొంతు దగ్గర రంధ్రం చేసి అక్కడ గొట్టం పెట్టాలి. వద్దనుకుంటే, నొప్పి తెలియకుండా మందిచ్చి, మిషన్ తీసేసి, అతన్ని అతని మానాన వదలొచ్చు. అది డాక్టర్ ఒక్కడే నిర్ణయించేది కాదు. ఆసుపత్రి డాక్టర్ల బోర్డు చూస్తుంది, బయటి నుంచి ఇంకో బోర్డు కూడా చూస్తుంది.

“కానీ వాళ్లు అందరికన్నా ముందు అడిగేది ఒక ప్రశ్న. తనకు మాట ఉండి ఉంటే ఈ మనిషి ఏం కోరుకునేవాడు? అది చెప్పాల్సింది మీరే. ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. కొన్నాళ్లకు అతను సొంతంగా ఊపిరి తీసుకోవడం మొదలుపెడితే, అప్పుడు తీయడానికి మిషనే ఉండదు. ఆ తర్వాత మీరు వద్దనుకున్నా దారి సులువుగా ఉండదు.”

సుప్రియ నోరు తెరిచేలోపల గౌరమ్మ మాట్లాడింది.

“వాడు సెప్పినాడు సార్. వాళ్ల నాయన మంచంలో ఉన్నప్పుడు వాడే కడిగినాడు, వాడే గుడ్డలు మార్సినాడు. ఒకరోజు నాయన ఒళ్లు తుడిసి బయటికొచ్చి, నాతో అన్నాడు. ‘అమ్మా, నాకిట్లయితే నన్ను ఉంచొద్దు. పంపించేయ్’ అన్నాడు.”

డాక్టర్ సుప్రియ వైపు చూశాడు.

“నాతో ఎప్పుడూ అన్లేదే,” అన్నది సుప్రియ.

“నువ్వప్పుడు మా ఇంటికి రాలేదు పాపా.”

“వచ్చినాక గూడా అన్లేదు. ఒక్కసారి గూడా.” సుప్రియ అత్త వైపు తిరిగింది. “మామకు చేసి చేసి నీకు విసుగొచ్చింది. ఇంకోసారి చెయ్యలేక ఆయప్ప నోట్లో, నీ కొడుకు నోట్లో, ఈ మాట పెడతాండావు.”

గౌరమ్మ కోడలి ముఖం వంక చూసింది. కోప్పడలేదు. కొంగు సర్దుకుని, “నీ మొగుడు. నీ ఇష్టం,” అని లేచి వెళ్లిపోయింది.

గొంతుకు రంధ్రం చేశారు. కొన్ని వారాలకు చరణ్ సొంతంగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు. కళ్లు కూడా తెరిచాడు. సుప్రియ ఫోన్లో అందరికీ చెప్పింది. ఆ కళ్లు ఎవరినీ చూడటం లేదనీ, తెరుచుకోవడం చూడటం కాదనీ ఆమెకు తెలిసిరావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

పుంగనూరు ఇంట్లో ముందు గదిని ఖాళీ చేసి ఆసుపత్రి మంచం వేశారు. గొంతు గొట్టంలో కఫం లాగే మిషన్, ముక్కు గొట్టంలోంచి గంజి పోసే సిరంజీలు, గాలి పరుపు. సుప్రియ అన్నీ నేర్చుకుంది. మొదటి ఏడాది ఆమెలో నమ్మకం ఉండేది. అతని సెల్‌ఫోన్లో దొరికిన మండీ పాట రికార్డింగ్ చెవి దగ్గర పెట్టేది. బెంగుళూరు నుంచి ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించింది. చరణ్ ఆవలిస్తే సంతోషపడేది. ఆమె అన్న మునిచంద్ర వాయల్పాడు నుంచి వచ్చి, “నీకింకా వయసుండాదమ్మా,” అని మొదలుపెట్టబోతే మాట ముగించనివ్వకుండా పంపేసింది.

ఉద్యోగం మానడానికి లేదు. పగలంతా చరణ్ దగ్గర గౌరమ్మే ఉండేది. మొదట్లో ఆమె పని మాత్రమే చేసేది, మాట ఉండేది కాదు. పట్టుపురుగుల షెడ్డు మూసేసింది. తోట గుత్తకిచ్చింది. తర్వాత మెల్లగా ఏదో మారింది. సుప్రియ సాయంత్రం గేటు తీస్తుంటే లోపల్నుంచి గౌరమ్మ గొంతు వినిపించేది. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేసి, పల్చగా కాచి వడగడుతూ కొడుక్కి చెబుతూ ఉండేది. “ఈ పొద్దు బెల్లం మంచిది దొరికింది నాయనా. సూడు, వాసన సూడు.” అతని వెంట్రుకలకు నూనె రాసి పక్క పాపిడి తీసేది. చిన్నప్పుడు స్కూలుకు పంపేటప్పుడు తీసినట్టు.

ఏళ్లు గడిచేకొద్దీ చరణ్ చిక్కిపోతూ వచ్చాడు. మోకాళ్లు ముడుచుకుపోయాయి. వేళ్లు అరచేతుల్లోకి వంగిపోయి, గోళ్లు లోపలికి గుచ్చుకోకుండా గుడ్డ చుట్టలు పెట్టాల్సి వచ్చింది. గాలి పరుపు ఉన్నా నడుం కింద పుండు పడింది. అది మానినట్టే మాని మళ్లీ తెరుచుకునేది.

ఒక ఆదివారం పొద్దున సుప్రియ ఆ పుండుకు కట్టు కడుతోంది. లోపల తెల్లగా ఎముక కనిపించింది. గాజుగుడ్డ తగలగానే చరణ్ పళ్లు కొరికాడు. ముఖం వంకరపోయింది. కుడికంటి నుంచి నీళ్లు కారి చెవిలోకి జారాయి. ఆమె చెయ్యి ఆగిపోయింది.

డాక్టర్ మురళీధర్‌కు ఫోన్ చేసి అడిగింది. “ఆయప్పకు నొప్పి తెలస్తాదా సార్?”

“తెలియదనే అనుకుంటున్నామమ్మా. అది శరీరం తనంతట తాను చేసే పని. కానీ...” అని ఆగాడు. “గట్టిగా చెప్పలేను.”

ఏళ్ల కిందట డాక్టర్ గట్టిగా చెప్పలేకపోవడమే ఆమెకు ఆశ అయింది. ఇప్పుడు ఆ మాటే ఆమెకు ఊపిరాడకుండా చేసింది. చరణ్‌కు ఏమీ తెలియదంటే, ఇన్నాళ్లూ ఈ పని ఎవరి కోసం? తెలుస్తుందంటే, ఇన్నాళ్లూ తను అతన్ని ఏం చేస్తూ వచ్చినట్టు? పాలకేంద్రంలో అంకెలు కొడుతూ ఆమె ఈ రెండు ప్రశ్నల మధ్యే తిరిగింది. ఏ వైపు వెళ్లినా తను నిలబడే చోటు దొరకలేదు.

కొద్ది రోజుల తర్వాత, గంజి వడగడుతున్న అత్త పక్కన నేల మీద కూచుంది.

“అత్తా, ఆ పొద్దు ఆసుపత్రిలో నువ్వు సెప్పిన మాట నేను నమ్మలేదు. నిన్ను అనరాని మాటన్నాను.”

గౌరమ్మ చెయ్యి ఆగలేదు. “ఎప్పటి మాట. యాల ఇప్పుడు?”

“ఆయప్ప కోరింది జరగనియ్యలేదు నేను. ఇప్పుడన్నా జరగనిద్దాం. ఈసారి జరమొస్తే, ఆయాసమొస్తే, ఆసుపత్రికి పరిగెత్తొద్దు. నొప్పి లేకుండా సూసుకుందాం. అంతే. ఆయప్పే సెప్పినాడు గదా, ఉంచొద్దని.”

గౌరమ్మ గిన్నె కింద పెట్టింది. చాలాసేపు ఆ వడగట్టిన గంజినే చూస్తూ కూచుంది.

“వాడు సెప్పలేదు,” అంది.

“ఏమి?”

“వాడు నాతో అట్లాంటి మాట అన్లేదు. నేనే అన్నాను.”

సుప్రియకు మొదట అర్థం కాలేదు. “యాల అన్నావు మరి?”

“వాని మొగం సూడలేకపోతి. పంపించేస్తే ఆ బాధ పోతాదనుకుంటి. నా మాటంటే డాక్టరు వినడని వాని మాటని సెప్తిని.” గౌరమ్మ గొంతు మామూలుగానే ఉంది. “నువ్వప్పుడే కనుక్కున్నావు. నేను కాదన్లేదు.”

సుప్రియ అత్త ముఖాన్ని వెతికింది. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నదా? ఆరోజు కొడుకును పంపించెయ్యడానికి అబద్ధం చెప్పిందా, ఈరోజు ఉంచుకోవడానికి చెబుతోందా? ఆ ముడతల్లో ఏమీ దొరకలేదు. గౌరమ్మ లేచి, గంజి సిరంజీలోకి ఎక్కించుకుని, “గోరెచ్చగుండాది నాయనా,” అంటూ ముందు గదిలోకి వెళ్లింది.

వానలు మొదలయ్యాక జ్వరం వచ్చింది. రెండో రోజుకు చరణ్ ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. సుప్రియ మంచం అంచున కూచుని చూస్తోంది, లేవడం లేదు. గౌరమ్మ ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

“అంబులెన్సుకు చెయ్యి.”

“అత్తా...”

“వాడు ఆయాసపడతాండాడు. చెయ్యి పాపా.”

ఆ శబ్దాన్ని ఇంట్లో కూచుని భరించడం సుప్రియ వల్ల కూడా కాలేదు. ఫోన్ చేసింది.

కుప్పం దారి పొడుగునా వాన పడుతూనే ఉంది. ఆసుపత్రిలో డాక్టర్ మురళీధర్ చరణ్‌ను పరీక్షించాడు. ఇన్నేళ్లలో డాక్టర్ జుట్టు నెరిసింది. న్యుమోనియా రెండు ఊపిరితిత్తులకూ పాకిందన్నాడు. మళ్లీ మిషన్ పెడితే గట్టెక్కొచ్చు, గట్టెక్కినా ఇంతకన్నా మంచి స్థితికి రాడు. మిషన్ పెట్టకుండా, ఆయాసం తెలియకుండా మందిచ్చి చూసుకోవడం ఇంకో దారి. బోర్డు వాళ్లతో మాట్లాడతాను, కానీ మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు అన్నాడు.

సుప్రియ వరండాలో గౌరమ్మ ముందు మోకాళ్ల మీద కూచుంది. అత్త రెండు చేతులూ పట్టుకుంది.

“అత్తా, ఒక్కసారి నిజం సెప్పు. ఏదైనా సరే. ఆయప్ప ఆ మాట అన్నాడా, అన్లేదా?”

గౌరమ్మ పెదాలు కదిలాయి. ఒకసారి తల పైకెత్తి, మళ్లీ దించేసింది.

“నాకు తెలీదు పాపా.”

“నీకు తెలీకపోతే ఎవరికి తెలస్తాది?”

“ఒగో దినం వాడు తలుపు తావ నిలబడి అన్నట్టే ఉంటాది. తువ్వాల భుజం మింద ఉన్నెట్టు గూడా కనపడతాది. ఒగో దినం అదంతా నేను అల్లుకున్నట్టుంటాది. అన్నాడని సెప్పినాను, అన్లేదని సెప్పినాను. రెండూ మనసులో తిప్పి తిప్పి ఏది జరిగిందో పోగొట్టుకున్నాను.” ఆమె కోడలి పట్టులోంచి చేతులు వెనక్కి తీసుకుంది. “నన్ను అడగొద్దు. నీకేది తోస్తే అది చెయ్యి. నేను అడ్డం రాను.”

సుప్రియ లేచింది. ఇంక అడగడానికి ఈ లోకంలో ఎవరూ లేరు. అడగాల్సినవాడు లోపల నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు.

మిషన్ వద్దని ఆమె డాక్టర్‌కు చెప్పింది. బోర్డు వాళ్లు అడిగిన ప్రశ్నకు కూడా నిజమే చెప్పింది. ఆయన ఏం కోరేవాడో నాకు తెలీదు, ఇట్ల ఉండాలని మాత్రం ఎవరూ కోరుకోరు, నేనైతే కోరుకోను, అంది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చరణ్‌ను మరోసారి పరీక్షించి, సరేనన్నారు.

చివరి చూపులకని వాయల్పాడు నుంచి మునిచంద్ర వచ్చాడు. పక్కింటి బయ్యమ్మ వచ్చింది. చరణ్‌ను వేరే గదికి మార్చారు. బీప్ బీప్ మనే తెరలు తీసేశారు. మందులూ, గంజీ ఆపిన తర్వాత ఒక ఆక్సిజన్ గొట్టమూ, ఆయాసం తెలియకుండా ఇచ్చే ఇంజెక్షనూ మిగిలాయి. గౌరమ్మ తులసి నీళ్లతో కొడుకు పెదాలు తడిపింది. “పో నాయనా,” అంది. “మేముండాము గదా అని ఆగొద్దు. పో.” ఆ మాట అనడానికి ఆమె ఎంత దూరం నడిచి వచ్చిందో సుప్రియకు కనిపించింది. తను కూడా వంగి అతని చెవిలో అదే చెప్పింది. అతను ఆసుపత్రిలో పడ్డ రోజు నుంచి దాచుకున్న ఏడుపంతా ఆ సాయంత్రం ఏడ్చింది. ఏడుపు అయిపోయాక, చాలా కాలం తర్వాత మొదటిసారి, లోపల కొంచెం చోటు దొరికినట్టయింది. మునిచంద్ర పుంగనూరుకు ఫోన్ చేసి షామియానా సంగతి కనుక్కుంటుంటే ఆమె అడ్డు చెప్పలేదు.

తెల్లారింది. చరణ్ ఊపిరి తీస్తూనే ఉన్నాడు. మరుసటి రోజు కూడా. మూడో రోజుకు డొక్కలు లోపలికి పోవడం తగ్గింది. జ్వరం దిగింది.

డాక్టర్ మురళీధర్ స్టెతస్కోప్ మెడలో వేసుకుని కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. “ఒక్కోసారి ఇలా జరుగుతుందమ్మా. గట్టెక్కాడు. గొట్టంలో గంజి పోయడం మళ్లీ మొదలుపెట్టొచ్చు.”

“అంటే?” అంది సుప్రియ.

“ఇంటికి తీసుకెళ్లొచ్చు.”

ఆమెకు మొదట వచ్చింది కోపం. చరణ్ మీద కోపం. అంత చెప్పినా పోలేదని. ఆ కోపాన్ని తనలో చూసుకున్న క్షణాన ఆమె డాక్టర్‌కు ముఖం చూపించలేక వరండాలోకి వెళ్లిపోయింది. ఎవరో నీళ్లు తెచ్చిచ్చారు. తాగలేదు.

అంబులెన్సులో స్ట్రెచర్ పక్కన అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూచున్నారు. వీ.కోట దాటాక గౌరమ్మ మాట్లాడింది.

“నా మటుకు వాడు మొన్ననే పోయినాడు పాపా. నా నోటితోనే పొమ్మన్నాను. ఇప్పుడీ బిడ్డను ఎట్ల ముట్టుకోవాల నేను?”

సుప్రియ జారిన దుప్పటిని చరణ్ మీదికి లాగింది.

ఇంటి ముందు నలుగురు చేరారు. మునిచంద్ర తెప్పించిన షామియానా కర్రలు ఇంకా ప్రహరీకి ఆనించే ఉన్నాయి. బయ్యమ్మ కర్పూరం వెలిగించి దిష్టి తీసింది. “గంగమ్మ తల్లి సల్లగా సూసింది. బోయకొండ గుడికి పోయి మొక్కు తీర్సుకోండమ్మా,” అంది. సుప్రియ తల ఊపింది. గౌరమ్మ ఆ ముందు గది గడప దగ్గర ఒక్క క్షణం నిలబడింది. లోపలికి రాలేదు. వెనక్కి తిరిగి, పెరటి తలుపు తీసుకుని, గుత్తకిచ్చిన తోట వైపు వానలోనే నడుచుకుంటూ వెళ్లిపోయింది. సాయంత్రానికి తిరిగి వచ్చింది. వంట చేసింది. మరుసటి రోజూ, ఆ తర్వాతా అంతే. వండుతుంది, గుడ్డలు ఉతుకుతుంది, ముందు గదిలోకి మాత్రం అడుగు పెట్టదు. సుప్రియ రమ్మని అడగలేదు.

సుప్రియ పాలకేంద్రంలో సెలవు పెట్టి, ఆ సెలవు అయిపోయాక ఉద్యోగమే మానేసింది.

మళ్లీ జ్వరం వస్తుందని ఆమెకు తెలుసు. అప్పుడేం చెయ్యాలో తెలియదు. మిషన్ వద్దని ఒకసారి చెప్పాక రెండోసారి చెప్పడం సులువవుతుందనుకుంది గానీ, తలుచుకుంటే అదీ చేతకాదనిపిస్తోంది. మిషన్ పెట్టమనడానికీ నోరు రాదు. రోజూ కట్టు విప్పేటప్పుడు ఆమె అతని ముఖం వైపు చూడకుండా ఉండటం నేర్చుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం గంజి పోసి, గొంతు గొట్టం శుభ్రం చేసి, పుండు మీద బరువు పడకుండా అతన్ని పక్కకు తిప్పాల్సిన వేళయింది. ఇన్నాళ్లూ ఆ పని ఇద్దరూ కలిసి చేసేవాళ్లు, ఒకరు భుజాలు, ఒకరు నడుము. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. సుప్రియ కాసేపు ఆగింది. తర్వాత మంచం మీదికి వంగి, ఒక చెయ్యి అతని వీపు కిందికి, ఒక చెయ్యి మోకాళ్ల కిందికి పోనిచ్చింది.

అతను చాలా తేలికగా ఉన్నాడు. ఒక్కతే తిప్పగలిగింది.